ఒంటరి నటుడికి వినగలిగే తోడు కావాలి

నాటక పరిషత్తుల నిర్వాహకులకు, ఏకపాత్రాభినయ పోటీల న్యాయనిర్ణేతలకు,



ఏకపాత్రాభినయం పోటీకి వచ్చిన నటుడు మేకప్ గదికి వెళ్లేముందు సౌండ్ బల్ల దగ్గర ఆగుతాడు. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి ఇస్తాడు. తెర లేవగానే మొదటిది వెయ్యండి, నేను చెయ్యెత్తినప్పుడు రెండోది, కుప్పకూలాక మూడోది అని గబగబా అప్పజెప్తాడు. బల్ల దగ్గర కూచున్నాయనకు ఆ నాటకం తెలియదు. ఈ నటుడి గొంతు అంతకుముందు విన్నదీ లేదు. పక్కనే ఇంకో నలుగురి పెన్‌డ్రైవులు వరుసలో ఉంటాయి. కాసేపట్లో వీళ్లిద్దరూ కలిసి ఒక ప్రదర్శన ఇవ్వాలి. చెయ్యి ఎత్తడం అర సెకను ముందైతే పిడుగు ముందే పడుతుంది. ఆలస్యమైతే నటుడు ఎత్తిన చేత్తోనే పిడుగు కోసం ఎదురుచూస్తాడు. ప్రేక్షకులు నవ్వుకుంటారు, న్యాయనిర్ణేత కాగితం మీద ఏదో రాసుకుంటాడు. తప్పు ఎవరిదని అడిగితే సౌండ్ వాళ్లదంటారు. నా ఉద్దేశంలో తప్పు ఆ పెన్‌డ్రైవ్‌ను అసలు బల్ల మీదికి రానిచ్చిన మన ఆలోచనది. ఈ లేఖ దాని గురించే.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. నలుగురు నటులున్న నాటకంలో సంగీతం వెనకాల ఉండొచ్చు. ఒక్కడే నటుడున్న చోట దానికి వెనకాల చోటు లేదు, వచ్చి ఎదురుగా నిలబడుతుంది. ఇద్దరు మాట్లాడుకునే దృశ్యంలో ఒకడు మాట జారితే రెండోవాడు అందుకుంటాడు, ఒకడు ఆగితే రెండోవాడు ఆ ఆగడాన్ని మోస్తాడు. ఏకపాత్రలో ఆ రెండోవాడు లేడు. అతడి ఖాళీని పూరించగలిగేది ధ్వని ఒక్కటే: నటుడి గొంతు తనంతట తాను చేసేది కొంత, దానికి తోడొచ్చే వాద్యం చేసేది కొంత. ఎదుటి పాత్ర పని చేయాల్సిన వాద్యానికి మొట్టమొదట ఉండాల్సిన లక్షణం వినడం. రికార్డు చేసిన ట్రాక్ వినిపిస్తుంది, వినదు. కాబట్టి ఏకపాత్రకు సంగీతం పెడితే వినగల మనిషి చేతుల్లోంచే రావాలి. లేదంటే అసలు లేకపోవడమే మేలు. ఇది పాతకాలం మీది బెంగతో అంటున్న మాట కాదు. మన ఒంటరి ప్రదర్శనల చరిత్ర, గొంతు పనిచేసే తీరు, చివరికి సినిమా సంగీతం తయారయ్యే పద్ధతి కూడా ఇదే చెబుతున్నాయి.

ముందు గొంతు సంగతి. ఒక్కడే ఆడే నాటకం మనకు కొత్తదేమీ కాదు. దశరూపకాల్లో భాణం అచ్చంగా ఏకపాత్ర రూపకం. చతుర్భాణి అని పేరుపడ్డ నాలుగు సంస్కృత భాణాల్లోనూ విటుడొకడే వీధిలో నడుస్తూ, కనిపించని వాళ్లతో మాట్లాడుతూ పోతాడు. మేడ మీది మనిషి ఏదో అన్నట్టు తల పైకెత్తి, ఏమంటున్నావూ అని అడిగి, ఆ అన్నమాటను తానే చెప్పి, దానికి జవాబూ తానే ఇస్తాడు. దీన్ని ఆకాశభాషితం అన్నారు. అంటే ఎదుటి మనిషి మాట ప్రేక్షకుడికి నేరుగా వినిపించదు. విన్నవాడి గొంతులో పడిన మార్పుగా వినిపిస్తుంది. ఏకపాత్రాభినయం కిటుకంతా ఇందులోనే ఉంది. ఆశ్చర్యమేమిటంటే ఇలాంటి మాటల పుట్ట అయిన భాణానికే శాస్త్రకారులు పది లాస్యాంగాలను జతచేశారు. వాటిలో మొదటిది గేయపదం, కూచుని తంత్రీవాద్యంతో పాడేది. ఒంటరి నటుడికి తంత్రి తోడుండాలన్న గ్రహింపు అంత పాతది.

నాట్యశాస్త్రం వాచికాభినయం గురించి చెప్పినదాన్ని మనం పరీక్షల కోసం బట్టీపట్టి వదిలేశాం గాని, అది ఏకపాత్ర నటుడికి పనిముట్ల పెట్టె. పాఠ్యానికి మూడు స్థానాలు: ఉరస్సు, కంఠం, శిరస్సు. దూరంగా ఉన్నవాణ్ణి పిలవాలంటే శిరఃస్థానం, అంత దూరం లేనివాడితో కంఠం, పక్కనే ఉన్నవాడితో ఉరస్సు. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే ఖాళీ వేదిక మీద నటుడు గొంతుతోనే దూరాలు కొలిచి చూపించగలడు. వాకిట్లో ఉన్న కొడుకునీ, మంచం పక్కనున్న భార్యనీ కదలకుండా వేరు చేయగలడు. తర్వాత కాకువు. వాక్యం అయిపోయినట్టు వినిపించడం ఒకటి, ఇంకా ఏదో రావాల్సినట్టు వినిపించడం ఒకటి. నిరాకాంక్షం, సాకాంక్షం అన్నారు. ఎదుటివాడు మాట మధ్యలో అడ్డుతగిలాడని ఏకపాత్రలో తెలియాలంటే సాకాంక్ష కాకువు తప్ప వేరే దారి లేదు. ఆపైన ఉచ్చం, దీప్తం, మంద్రం, నీచం, ద్రుతం, విలంబితం అని ఆరు అలంకారాలు. స్వరాలను కూడా రసాలకు పంచారు: హాస్య శృంగారాలకు మధ్యమ పంచమాలు, వీర రౌద్ర అద్భుతాలకు షడ్జ ఋషభాలు, కరుణకు గాంధార నిషాదాలు, బీభత్స భయానకాలకు ధైవతం. ఈ పంపకాన్ని అక్షరాలా పాటించమని ఎవరూ అనరు, నేనూ అనను. గమనించాల్సింది అది పాటకు చెప్పింది కాదు, మాటకు చెప్పింది అన్న విషయం. మాటలోనే స్వరం ఉంది. దానికి విరుద్ధంగా ఇంకో స్వరం పక్కన మోగితే ఆ మాట అర్థం మారిపోతుంది.

మన నేల మీద ఈ ఒంటరి కళను శిఖరానికి ఎక్కించింది హరికథ. అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) కాళ్లకు గజ్జెలు, చేతిలో చిరతలు పట్టుకుని ఒక్కడే నిలబడి కథంతా నడిపేవాడు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాల్ ఆయనే. ఏకకాలంలో అయిదు తాళాలు చూపగల లయజ్ఞుడని ఆయనకు పేరు. ఆ పేరు విన్నప్పుడు మనం అబ్బురపడి ఊరుకుంటాం. నటన వైపునుంచి చూస్తే దానికి ఇంకో అర్థం ఉంది. గజ్జె కథ నడకను పట్టుకుంటుంది, చిరత వాక్యాన్ని విరుస్తుంది, గొంతు పాత్రను మారుస్తుంది. మూడూ ఒకే ఒంట్లో ఉన్నాయి గనుక ఒకదాన్నొకటి వింటాయి. వచనం చెబుతూ చెబుతూ దాసు చిరతలు ఆపేశాడంటే ఏదో రాబోతోందని సభకు తెలుస్తుంది. వెనక మృదంగం వాయించేవాడికి ముందే తెలుస్తుంది. హనుమంతుడు సముద్రం దాటడానికి కాలు అదిమినప్పుడు మృదంగం ఎడమవైపు గుమికి ఎంతసేపు ఉండాలో కాగితం మీద ఎక్కడా రాసి ఉండదు. దాసుగారి మోకాలు ఎంత వంగిందో అంతసేపు. ఫిడేలు ఆయన విడిచిన స్వరాన్నే పట్టి ఉంచుతుంది, ఆయన మాటల్లోకి వెళ్లి మళ్లీ పాటలోకి వచ్చినప్పుడు శ్రుతి వెతుక్కోనక్కర లేకుండా. హరికథలో సంగీతం కథకు అలంకారమని చాలామంది రాస్తారు. నాకు మాత్రం అది దాసుగారి రెండో ప్రాణంలా కనిపిస్తుంది; ఆయన ఊపిరి తీసుకునే సందులో కథ చావకుండా చూసేది అదే.

మహాభారత కథలు చెప్పే ఛత్తీస్‌గఢ్ పండవానీలో ఈ ఏర్పాటుకు పేరే ఉంది. తీజన్‌బాయి (2019లో పద్మవిభూషణ్) నిలబడి చెప్పే కాపాలిక శైలిలో తంబూర ఒకసారి భీముడి గద అవుతుంది, ఒకసారి అర్జునుడి విల్లు అవుతుంది. పక్కన కూచున్న వంతగాణ్ణి అక్కడ రాగి అంటారు. అతడు ఊఁ కొడతాడు, మధ్యలో ప్రశ్న వేస్తాడు, ప్రేక్షకుడికి వచ్చే అనుమానాన్ని ప్రేక్షకుడి కన్నా ముందే అడిగేస్తాడు. మనకు ఇది తెలియని సంగతేమీ కాదు. బుర్రకథలో కథకుడికి చెరోవైపు వంతలు ఉన్నదీ, షేక్ నాజర్ లాంటివాడు వాళ్ల ఆసరాతో గొంతును కోపం నుంచి ఏడుపుకు ఒక్క గుక్కలో దింపగలిగిందీ ఇందుకే. ఒగ్గు కథలో డోలు దెబ్బకు, కథ చెప్పేవాడి దమ్ముకు ఉన్న సంబంధం కూడా అదే. ఊఁ కొట్టేవాడు లేకుండా కథ చెప్పలేమని మన ముసలమ్మలు అనేది ఊరికే కాదు. ఏకపాత్రాభినయాన్ని పోటీ అంశంగా మార్చుకున్నప్పుడు మనం ఒక్కడే అన్న మాటను మరీ అక్షరాలా తీసుకున్నాం. పక్కనున్న ఊఁ కొట్టేవాణ్ణి దింపేశాం. అతడి చోటు బోసిపోతే స్పీకరు పెట్టాం.

అతడు ఏం చేసేవాడో దగ్గరగా చూద్దాం. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను తెలియని తెలుగు ప్రేక్షకుడు ఉండడు. శ్మశానంలో హరిశ్చంద్రుడు ఒంటరి. గుర్రం జాషువ శ్మశానవాటి పద్యాలు రంగస్థలం మీదికి వచ్చి ఈ ఘట్టంలో కలిసిపోయాక అది దానంతటదే ఒక ఏకపాత్ర నాటకమైంది. డి.వి. సుబ్బారావు పేరు చెప్పగానే ఈ సీనే గుర్తొస్తుంది. ఇప్పుడు హార్మోనియం దగ్గర కూచున్న మనిషి చేతులు చూడండి. నటుడు వచనం చెబుతున్నప్పుడు ఎడమచెయ్యి తిత్తిని ఊపీ ఊపనట్టు ఆడిస్తూ ఉంటుంది. శ్రుతి ఉందా లేదా అన్నంత సన్నగా. పద్యం మొదటి మాట రాగానే కుడిచెయ్యి దాని వెంట పడుతుంది, ముందుకు మాత్రం వెళ్లదు. అర మాత్ర వెనకే. ఎందుకంటే నటుడు ఎక్కడ ఆగుతాడో ఛందస్సు చెప్పదు. శార్దూలంలో పదమూడో అక్షరం దగ్గర, మత్తేభంలో పద్నాలుగో అక్షరం దగ్గర యతి ఉంటుంది నిజమే. తెలుగు యతి అక్షరమైత్రి మాత్రమే, అక్కడ ఆగాలన్న నియమం లేదు. ఆగడమన్నది అర్థాన్ని బట్టి, ఆ పూట నటుడి గుండెను బట్టి. ఒకరోజు పాదం మధ్యలో ఆగుతాడు, ఇంకోరోజు రెండు పాదాలు ఒకే ఊపిరిలో దాటేస్తాడు. కాబట్టి హార్మోనిస్టు చూసేది పద్యాన్ని కాదు, నటుడి భుజాలను. ఊపిరి తీసేముందు భుజం కొద్దిగా లేస్తుంది. ఆ సందులో అతడు చివరి స్వరాన్ని అందుకుని, చిన్న సంగతి వేసి, నటుడు మళ్లీ నోరు తెరిచే చోటికి తెచ్చి పెడతాడు. చితి వైపు తిరిగి నటుడు ఏమీ అనకుండా నిలబడిపోతే అతడూ వేళ్లు తీసేస్తాడు. అప్పుడు హాల్లో వినిపించే నిశ్శబ్దం ఇద్దరు కలిసి చేసింది. జనం వన్స్ మోర్ అంటే, ఆ అలవాటును మనం మెచ్చుకున్నా మెచ్చుకోకపోయినా, ఇద్దరూ మళ్లీ అదే పద్యానికి వెనక్కి వెళ్లగలరు. ట్రాక్ వెళ్లగలదా?

ఇప్పుడు దీని పక్కన మయసభ ఘట్టం పెట్టండి. 1977లో వచ్చిన దాన వీర శూర కర్ణ సినిమా తర్వాత మన బడుల్లో, కాలేజీల్లో ఏకపాత్రాభినయం అంటే దుర్యోధనుడే. తప్పులేదు, గొప్ప ఘట్టం. నేల అనుకుని నీళ్లలో పడ్డ రాజు, పైనుంచి వినబడ్డ ద్రౌపది నవ్వు. ఈ నవ్వే అసలు చిక్కు. చాలామంది నటులు ఆడపిల్ల నవ్వును ముందే రికార్డు చేసి, దానికి ఎకో తగిలించి తెచ్చుకుంటారు. స్పీకర్లోంచి నవ్వు వస్తుంది, దుర్యోధనుడు తలెత్తుతాడు. ఇందులో నటుడు చేసిందేమిటి? నవ్వు వినడమనే పని ప్రేక్షకుడికి అప్పగించేశాడు. ఆకాశభాషితం తెలిసినవాడైతే ఆ నవ్వును తన గొంతులోనే వినిపిస్తాడు. గర్వంగా సాగుతున్న వాక్యం ఒకచోట తెగుతుంది. సాకాంక్షంగా గాలిలో ఆగుతుంది. మళ్లీ మొదలైనప్పుడు అదే మాట ఉరస్సు నుంచి కంఠానికి ఎక్కి ఉంటుంది. నవ్వింది ఎవరో, ఎంతసేపు నవ్వారో, అది ఎంత లోతుగా గుచ్చుకుందో ఆ తెగిన వాక్యం చెబుతుంది. అప్పుడు వెనక తబలా ఒక్క చిటికె వేసినా చాలు. రికార్డు నవ్వు వచ్చాక మాత్రం నటుడు దాని కొలతకు తగ్గట్టు మొహం పెట్టుకుని నిలబడాలి. నాలుగు సెకన్ల నవ్వుకు నాలుగు సెకన్ల అవమానం. ఆ రోజు అతడికి రెండు సెకన్లే చాలనిపించినా, ఎనిమిది కావాలనిపించినా వీల్లేదు.

వినడంలో ఉన్న భౌతిక చిక్కును కూడా చెప్పాలి, ఎందుకంటే న్యాయనిర్ణేతలు తరచుగా నటుడికి ఉచ్చారణ స్పష్టత లేదని మార్కులు తగ్గిస్తారు. మాటలో అచ్చులకు బలం ఎక్కువ, హల్లులకు తక్కువ. క, చ, త, ప, స లాంటి వాటిని విడదీసి గుర్తుపట్టించే ధ్వని చాలావరకు పై పౌనఃపున్యాల్లో ఉంటుంది, అదీ చాలా సన్నగా. సినిమా పద్ధతిలో వయొలిన్ల గుంపు, సింథసైజర్ హోరు వేశారంటే సరిగ్గా ఆ చోటునే ఆక్రమిస్తాయి. కింద మోగే డ్రమ్ములు బిగ్గరగా ఉంటే పై ధ్వనులను కూడా కప్పేస్తాయి. తెలుగు అజంత భాష. పదాల చివర అచ్చులు సంగీతం మీద తేలుతూ వినిపిస్తూనే ఉంటాయి గనుక ఏదో వినబడుతోందనే అనిపిస్తుంది. ఒత్తులు మాత్రం మునిగిపోతాయి. అందుకని నటుడు అరుస్తాడు. కాలర్ మైకులో అరిస్తే గొంతులో ఉన్న మూడు స్థానాలూ ఒక్కటైపోయి అన్నీ స్పీకరు స్థానాలే అవుతాయి. దగ్గరి మాటా దూరపు మాటా ఒకే పెట్టెలోంచి వస్తాయి. మనిషి వాయించేచోట ఈ సమస్య లేదని కాదు. మాట సన్నగిల్లితే అతడు చెయ్యి తగ్గిస్తాడు, అంతే తేడా.

ఇక మీరు అనబోయేవి. మొదటి అభ్యంతరం బలమైనది, గౌరవించాల్సింది కూడా. హార్మోనియం తిరిగి తెస్తే రాగాల పోటీ తిరిగొస్తుందని. నిజమే, పద్యనాటకంలో ఒకప్పుడు భావం చచ్చి ఆలాపన మిగిలింది. బళ్ళారి రాఘవ (1880–1946) లాంటి మహానటుడు సంగీతం నటనను మింగేస్తోందని గట్టిగా ఎదిరించాడు, పద్యాన్ని అర్థం కోసం చెప్పాలన్నాడు. రాఘవ వైపు నేనూ ఉన్నాను. కాకపోతే ఆయన ఎదిరించినది గొంతులో ఉన్న సంగీతాన్ని కాదని నా అవగాహన. గొంతు మాటను వదిలేసి స్వరంతో పారిపోవడాన్ని. ఈనాటి ట్రాక్ చేస్తున్నది అదే నేరం, ఇంకా అధ్వానంగా. అప్పుడు కనీసం నటుడే పారిపోయేవాడు, కావాలంటే తిరిగొచ్చేవాడు. ఇప్పుడు భావాన్ని పెట్టెకు అప్పగించి నటుడు కింద నిలబడుతున్నాడు. షెహనాయి ఏడిస్తే తాను ఏడవక్కర్లేదనుకుంటున్నాడు. రాగాల పోటీ వస్తుందని భయపడితే దానికి మందు మీ మార్కుల పట్టికలోనే ఉంది: పద్యంలో మాట అర్థమయిందా లేదా అన్నది చూడండి, ఎంత పైకి వెళ్లాడన్నది వదిలేయండి.

రెండోది, జనం సినిమాకు అలవాటు పడ్డారు, వెనక సంగీతం మోగకపోతే వెలితిగా ఉంటుందంటారు. సరే, సినిమానే తీసుకుందాం. సినిమాలో నేపథ్య సంగీతాన్ని రీరికార్డింగ్ అంటారు. అది ఎప్పుడు చేస్తారు? మామూలుగా షూటింగ్ అయి, ఎడిటింగ్ అయి, మాటలు ఖరారయ్యాక. సంగీత దర్శకుడు నటుడి మాటను, మౌనాన్ని, కన్ను ఆర్పడాన్ని తెర మీద చూసి, దానికి అనుగుణంగా వాయిద్యాలు పేర్చుతాడు. అంటే సినిమాలో కూడా సంగీతమే నటుడి వెంట నడుస్తుంది, ముందు విని తర్వాత వాయిస్తుంది. వేదిక మీద ట్రాక్ పెట్టినప్పుడు ఈ వరస తలకిందులవుతుంది. నిన్న ఎవరో చేసిన సంగీతానికి ఇవాళ నటుడు తాళం వేయాలి. సినిమాను అనుకరిస్తున్నామని అనుకుంటూ దాని పద్ధతికి సరిగ్గా వ్యతిరేకంగా పోతున్నాం. సినిమా అలవాటు ఉన్న ప్రేక్షకుడికి అసలు సినిమా అనుభవం ఇవ్వాలంటే ఎదురుగా కూచుని వాయించే మనిషే దగ్గరి దారి.

మూడోది ఆధునిక నాటకం తెలిసిన మిత్రులనుంచి వస్తుంది. రికార్డు చేసిన ధ్వనితోనే ప్రపంచం గొప్ప ఏకపాత్రలు చేసింది కదా అని. చేసింది. శామ్యూల్ బెకెట్ 1958లో రాసిన క్రాప్స్ లాస్ట్ టేప్‌లో ముసలి క్రాప్ తాను 39వ ఏట రికార్డు చేసుకున్న గొంతును 69వ ఏట వింటాడు. రేడియోలో పాట్రిక్ మాగీ అనే నటుడి గొంతు విని బెకెట్ ఆ నాటకం రాశాడు. అంటే గొంతు ముందు పుట్టింది, నాటకం తర్వాత. ఆ నాటకంలో టేపు రికార్డరు బల్ల మీద అందరికీ కనిపిస్తూ ఉంటుంది. మీట నటుడి చేతిలో ఉంటుంది. అతడు ఆపుతాడు, వెనక్కి తిప్పుతాడు, తిట్టుకుంటాడు, మళ్లీ వింటాడు. వినని యంత్రంతో మనిషి పడే యాతనే అక్కడి కథ. అలాంటి చోట రికార్డు ఉండాల్సిందే; నేను దానికి అడ్డు చెప్పను. కథలో రేడియో ఉంటే, ఫోను ఉంటే, ఎన్నికల ప్రచారం మైకు ఉంటే ఆ శబ్దం యంత్రంలోంచి రావడమే సబబు. ఇంకో ఉదాహరణ ఇంతకన్నా తిన్నగా నా వాదనకు సాయం వస్తుంది. ఝాఁ కాక్టో ఒక స్త్రీ ఫోనులో తనను వదిలేసిన ప్రియుడితో మాట్లాడే ఏకపాత్ర నాటకం రాశాడు; 1930లో అది వేదికకెక్కింది. ప్రేక్షకుడికి అవతలి గొంతు ఒక్క ముక్క కూడా వినబడదు. దాన్నే ఫ్రాన్సిస్ పూలెంక్ ఒపేరాగా చేశాడు; 1959లో అది తొలిసారి ప్రదర్శితమైంది. ఎదుట ఆర్కెస్ట్రా మొత్తం ఉన్నా, చాలాచోట్ల గాయనిని వాద్యం లేకుండా వదిలేశాడు. ఆగాల్సిన చోట్ల ఆగింపును గాయని, కండక్టరు కలిసి తేల్చుకునేలా ఉంచాడు. అన్ని వాయిద్యాలు చేతికింద ఉన్నవాడు కూడా ఒంటరి పాత్ర దగ్గరికి వచ్చేసరికి చేసింది వినడమే.

అసలైన అభ్యంతరం చివర్న, కాస్త మొహమాటంగా వస్తుంది. డబ్బు. ఏకపాత్రకు వచ్చేది ఎక్కువగా విద్యార్థులు, చిరుద్యోగులు, ఊరి నాటకాల మీద ప్రేమ చావనివాళ్లు. బస్సు ఛార్జీలకే తడుముకునే పిల్లవాడు హార్మోనిస్టును ఎక్కడినుంచి తెస్తాడు? తేలేడు. అందుకే ఈ లేఖ నటులకు కాకుండా మీకు రాస్తున్నాను. లైట్లు ఎవరి లైట్లు వారు తెచ్చుకోమని మీరు అనరు. తెర, మైకు, మేకప్ అద్దం మీరే పెడతారు. అలాగే పోటీ జరిగే పూటకు ఒక హార్మోనిస్టును, ఒక తబలా లేదా డోలక్ వాయించేవాణ్ణి మీరే పిలిపించండి. పద్యనాటకం బతికున్న ఊళ్లలో వాళ్లు ఇప్పటికీ ఉన్నారు, పిలిచేవాళ్లు లేక భజనలకు, పెళ్లిళ్లకు పోతున్నారు. పొద్దున ఒక్కో నటుడికి వాళ్లతో అరగంట ఇవ్వండి. ఆ అరగంటలో నటుడు తన ఊపిరి ఎక్కడో చెప్పుకుంటాడు, వాద్యకారుడు తన చెయ్యి ఎక్కడ తీస్తాడో చెబుతాడు. అరగంట చాలదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. పెన్‌డ్రైవ్ ఇచ్చే అర నిమిషం కంటే ఎక్కువే కదా.

వచన ఏకపాత్రకు, అంటే ఇవాళ్టి మనిషి ఇవాళ్టి మాటల్లో చెప్పుకునేదానికి, హార్మోనియం అతకదని కొందరు సందేహిస్తారు. అతక్కపోతే మానేయండి. కంజీర ఒకటి, తంబూర తీగె ఒకటి, డప్పు ఒకటి, స్టీలు పళ్లెం మీద గరిటె దెబ్బ ఒకటి, ఏదైనా సరే. ఏదీ లేకుండా వట్టి గొంతుతో నిలబడతానన్న నటుణ్ణి మాత్రం సంగీతం శూన్యం అని మార్కులు కోయకండి. ఆ గొంతు మూడు స్థానాల్లో తిరిగిందా, వాక్యాలు తెగాల్సిన చోట తెగాయా అని వినండి. వాచికానికి, సంగీతానికి విడివిడిగా మార్కులు వేయడం కంటే రెండూ ఒకదాన్నొకటి విన్నాయా లేదా అన్న ఒక్క గడి పెడితే ఇంకా మంచిది. ఉత్తమ సంగీతం బహుమతి ఉంటే అది ట్రాక్ చేసిన స్టూడియోకు పోకుండా ఆ పూట కూచుని వాయించినవాడికి ఇవ్వండి. ఎకో యంత్రాన్ని మాత్రం ఏ పరిస్థితుల్లోనూ దగ్గరికి రానివ్వకండి, దేవుళ్ల పాత్రలకు కూడా.

1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టినప్పటినుంచి మన రంగస్థలం తీరును చాలావరకు పరిషత్తుల నియమాలే మలిచాయి. ఎంతసేపు ఆడాలి, ఎందరుండాలి, దేనికి బహుమతి అన్నవి మీరు కాగితం మీద రాస్తే రెండేళ్లలో నాటకాలు ఆ ఆకారంలోకి మారిపోతాయి. ఇదీ మారుతుంది. ఒకేసారి అన్నీ చేయలేకపోతే వచ్చే పోటీల్లో ఒక్క పూట ప్రయోగంగా చేసి చూడండి. ఆ పూట హార్మోనియం పెట్టెను వింగ్‌లో పెట్టకండి. వేదిక అంచున, నటుడి కంటికి అందేంత దగ్గరగా, ప్రేక్షకులకు వాయించేవాడి వేళ్లు కనబడేలా పెట్టించండి. వింగ్‌లో కూచున్నవాడికి నటుడి వీపు కనిపిస్తుంది గాని ఊపిరి కనిపించదు.

ఇట్లు,
ఒక నాటకాభిమాని